వీధి తలుపు తట్టినవాడు

ఆంబెవాడొ ఎదురు వరుస,
నవంబరు

పుతా ఆవెలినో,

నీ ఉత్తరం అందింది, నా ప్రాణం తీసింది. నేను నీకు పిన్నినా, నీ అబద్ధాలకు గుమాస్తానా?

మీ అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "చదవవే స్కోలా, నా కొడుకు ఓడ మీంచి ఏం రాశాడో" అంది. చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యంలోనే "నిన్న గుర్రం మీంచి పడ్డాను" అని రాశావు. రాసేముందు ఆలోచించొద్దూ? చదివేముందు నేనూ ఆలోచించలేదనుకో, నోట్లోంచి జారిపోయింది. అక్క కళ్ళు ఇంతింత చేసుకుని "ఓడలో గుర్రమేమిటే?" అంది. ఏం చెప్పమంటావు? "అరబ్బులకు గుర్రాలు తీసుకెళ్ళే ఓడక్కా" అన్నాను.

సాయంత్రానికల్లా వాడంతా పాకిపోయింది. బాతిస్త్ తన ఫెణి సారా దుకాణం అరుగు మీద నిలబడి, "గుర్రాలకు కూడా నీలా వడ్డించే స్టివార్డు ఉంటాడా? సూపు పోస్తాడా, గుగ్గిళ్ళు పెడతాడా?" అని దారినపోయే ప్రతివాడినీ ఆపి అడుగుతున్నాడు. ఒక పిల్ల గుర్రాన్ని చవగ్గా తెచ్చిపెడతావేమో కనుక్కోమన్నాడు కూడా.

ఇకనుంచి రెండు కాగితాలు రాయి. ఒకటి పైకి చదివేది. అందులో అలలు, చేపలు, అమ్మకు ముద్దులు తప్ప మరొకటి ఉండకూడదు. రెండోది నాకు. ఫోను మాత్రం చెయ్యకు. మనకున్న ఒక్క ఫోనూ బాతిస్త్ దుకాణంలో ఉంది. అందులో దగ్గినా వాడంతా మందు పంపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి విను. నువ్వెళ్ళిన కొత్తలో టౌను నుంచి ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆంధ్రా మనిషట, పచ్చడి లేనిదే ముద్ద దిగదట, ఆ ఒక్క విషయంలో మంచివాడే. కానీ వచ్చింది ఎప్పుడనుకున్నావు? మధ్యాహ్నం రెండింటికి! ఆ వేళప్పుడు మనుషులు తిరిగే ఊళ్ళో పుట్టాడు కాబోలు, పాపం. ఆంబెవాడొలో ప్రతి ఇంటి వీధి తలుపూ తట్టాడు. అందరికీ వినబడింది. ఒక్కరూ లేవలేదు. ఎందుకు లేస్తారు? మనవాడైతే వెనక్కొచ్చి వంటింటి తాడు లాగి, మూతపెట్టిన కంచం తీసి తిని, ఎక్కడో ఒకచోట నడుం వాలుస్తాడు. వీధి తలుపు తట్టేవాడు భాయ్‌లో. ఆ బయటివాడికి తలుపు తీశామంటే దుప్పటి కొనేదాకా వదలడు.

ఆయన జీపెక్కి వెళ్ళిపోయి, "ఈ వాడలో ఇళ్ళున్నవి, మనుషులు లేరు" అని రాసి పడేశాడు.

ఇప్పుడు మంచినీళ్ళ గొట్టం వేస్తున్నారు. నా ఇల్లు రోడ్డుకు ఇవతల, కాగితాల్లో పక్క వాడ. నాకు కొళాయి వచ్చింది. గొట్టం మీ అమ్మ గుమ్మందాకా వచ్చి, మనుషులు లేని చోటుకు నీళ్ళెందుకని పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. మోకాళ్ళు పట్టేసినా ఆవిడ ఇంకా బావిలోంచే తోడుకుంటోంది. వేసవి వస్తే ఆ నీళ్ళు ఉప్పు కషాయం. "నా కొళాయి దగ్గర పట్టుకో అక్కా" అంటే, "నేను లేనుగా. లేనిదానికి దాహమేమిటి?" అంటుంది.

అంతటితో ఆగిందా? సిలువ ముందు కొవ్వొత్తి వెలిగించి, వాడంతా వింటుండగా ఒట్టు పెట్టుకుంది. "ఆ ఆఫీసరు కుర్చీలో కూర్చునే ఏ భాయ్‌లోనూ నా వీధి గడప దాటనివ్వను" అని.

ఇక నువ్వేమో ఓడ పేరు చెప్పి, ఆ కొండ మీద కూర్చుని, గుర్రపుస్వారీతో సహా ఆ కుర్చీ చదువే చదువుతున్నావు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

నీ తీయా,
ఎస్కొలాస్టికా


ముస్సోరి కొండ,
డిసెంబరు

(పైకి చదివే కాగితం)

ప్రియమైన మాయ్,

సముద్రం ప్రశాంతంగా ఉంది. నిన్న ఒక చేపను చూశాను. పెద్దది. అది కూడా నన్ను చూసింది. గుర్రాలన్నిటినీ దించేశాం, ఇక ఎక్కించరట. గాలి బాగా వీస్తోంది. అలలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. నీకు ముద్దులు.

నీ ఆవెలినో

(లోపలి కాగితం)

తీయా,

పై కాగితం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. కిటికీలోంచి చూస్తే దేవదారు చెట్లూ మంచూ తప్ప ఏమీ కనబడవు. చివరికి స్నానాల గదిలో బక్కెట్టు నింపుకుని, దాన్ని చూస్తూ రాశాను. నా పక్క మంచం బిహారువాడు తలుపు సందులోంచి చూసి, ఇంట్లో అంతా కులాసాయేనా అని అడిగాడు.

ఇక్కడ నా పేరు "గోవా". ఎవరు పరిచయమైనా మొదట ఫెణి ఉందా అంటారు. లేదంటే ముఖం చిన్నబుచ్చుకుని, "మీవాళ్ళు కూడా ఈ పరీక్ష రాస్తారా?" అంటారు. అక్కడ బయటివాడినవుతానని భయపడి ఇక్కడికొస్తే ఇక్కడా బయటివాడినే.

నీకు గుర్తుందా, పరీక్ష రాస్తానని మొదటిసారి బాతిస్త్ దుకాణంలోనే నోరు జారాను. మన ఆఫీసర్లందరూ భాయ్‌ల్లే, బయటివాళ్ళేనని అప్పుడే బల్ల గుద్ది తిడుతున్నాడు. "మరి మనవాళ్ళు ఒక్కరైనా పరీక్ష రాయరేం?" అన్నాను. దుకాణం అంతా నవ్వింది. "అంత కష్టపడి చదవాల్సిన ఖర్మ మనకేంరా? మనకి ఇల్లుందిగా!" అన్నాడు. ఇల్లు లేనివాడే ఆఫీసరవుతాడని వాళ్ళ లెక్క. అమ్మ కూడా అక్కడే, రొట్టె కోసం వచ్చి నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు కానీ, "నా కొడుకు వాళ్ళ నాన్నలాగే తార్వటి అవుతాడు, ఓడెక్కుతాడు" అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట తీసెయ్యలేకే ఓడెక్కానని చెప్పాను. అంతే తీయా, ఇందులో మరే కుట్రా లేదు.

శిక్షణ అయ్యాక నేనే వచ్చి చెబుతాను. అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. మిగతా వాడ ఏమనుకున్నా ఫరవాలేదు.

నీ ఆవెలినో


ఆంబెవాడొ ఎదురు వరుస,
జనవరి

పుతా,

ఆ చేప నిన్ను చూడ్డమేమిటిరా? చదువుతుంటే మీ అమ్మ పమిట... అదే, గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేనూ కాస్త ముక్కు చీదాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఏడుపులా లేదు.

నువ్వు పంపిన చాక్లెట్ల పైకాగితాల మీద "డెహ్రాడూన్" అని అచ్చయి ఉంది. అన్నీ ఊడదీసి, వెండి కాగితంతో పంచాను. ఓడవాడి తల్లి అన్నాక సబ్బులు కూడా పంచాలి. సబ్బులేవని ముగ్గురు అడిగారు. ఈసారి సబ్బు పంపు, వాసన గట్టిగా ఉండేది చూడు.

ఇక్కడ బాతిస్త్ "ఆంబెవాడొ నిజ గోవావాసుల సంఘం" పెట్టాడు. భాయ్‌ల్లేను ఊళ్ళోకి రానివ్వకపోవడమే సంఘం పని. మొదటి సభ వాయిదా పడింది. కుర్చీలూ షామియానా వేసే మనిషి బిజాపూరువాడు, వాడు జాతరకని వాళ్ళ ఊరెళ్ళాడు. అతను తిరిగొచ్చాకే సభ పెట్టారు. "బయటివాళ్ళకు ప్రవేశం లేదు" అని పెద్ద బోర్డు కూడా రాయించారు. రాసినవాడు ఘాట్ల కొండలకు అవతలి మనిషి. అక్షరాలు ముత్యాల్లా రాసి, కింద తన పేరూ, ఊరూ, మళ్ళీ కావాలంటే ఎక్కడ దొరుకుతాడో అదీ రాసుకున్నాడు. బోర్డు బాగుందని బాతిస్త్ వాడికి ఒక గుక్క పోశాడు.

సభలో నీ మాట వచ్చింది. పశువుల ఆసుపత్రిలో గుమాస్తా ఉద్యోగం ఖాళీ అయిందట, నీకు వేయిస్తానని ఎమ్మెల్యే మనిషి ఒకడు మీ అమ్మతో అన్నాడు. ఎంత పొంగిపోయిందో! "తొమ్మిదిన్నరకు వెళ్ళడం, ఒంటిగంటకు వచ్చి వేడి కూరతో తినడం, ఓ కునుకు తీసి మళ్ళీ వెళ్ళి సంతకం పెట్టడం, ఉద్యోగమంటే అదీ" అన్నాడు బాతిస్త్. నేనూరుకోకుండా, "మరి ఎవరైనా మన పిల్లాడు ఏకంగా ఆఫీసరైతేనో?" అన్నాను, నీళ్ళెంత లోతో చూద్దామని.

బాతిస్త్ చాలాసేపు ఆలోచించాడు. "ఆఫీసర్లందరూ భాయ్‌ల్లే, అవునా?"

"అవును."

"అయితే మనవాడు ఆఫీసరైతే వాడూ భాయ్‌లోయే. ఇందులో తికమక ఏముంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. మీ అమ్మ కొట్టలేదు. మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంది. నాకు లోపల భయం వేసింది పుతా, నీకు చెప్పకేం.

నీ తీయా


టౌను, ఆఫీసరు క్వార్టర్సు,
మార్చి

తీయా,

పై చిరునామా చూసి అరవకు. పక్కింటివాళ్ళు వింటారు.

ఈశాన్యం కొండల్లో వేస్తారని ఉన్ని మేజోళ్ళు కూడా కొనుక్కున్నాను. ఆ ఆంధ్రా ఆఫీసరుకు బదిలీ అయింది, ఆ కుర్చీ ఖాళీ అయింది, తీసుకొచ్చి నన్నే కూర్చోబెట్టారు. ఇప్పుడు నేను మీకు అరగంట బస్సు దూరంలో ఉండి, ఓడలో ఉన్నట్టు ఉత్తరం రాస్తున్నాను.

మొదటిరోజు బంట్రోతు తలుపు తీసి, నా వెనక్కి తొంగిచూసి, "సాయబ్ ఏరీ?" అని కొంకణిలో అడిగాడు. నేనే అన్నాను. వెంటనే నిటారుగా నిలబడి హిందీలోకి దిగిపోయాడు. ఆ రోజు నుంచి అందరూ నాతో వచ్చీరాని హిందీయే. నేను కొంకణిలో జవాబిస్తే వాళ్ళు దాన్ని మళ్ళీ హిందీలో అర్థం చేసుకుంటారు. నిన్న ఒక ముసలావిడ అర్జీ పట్టుకొచ్చింది. నా మాట విని ముచ్చటపడిపోయి, "ఎంత చక్కగా నేర్చుకున్నావు బాబూ మా భాష! వచ్చి ఎన్నాళ్ళయింది?" అంది.

"నేనిక్కడే పుట్టానవ్వా."

"అందరూ అలాగే అంటారులే, రేషను కార్డు కోసం" అని నా బుగ్గ గిల్లి వెళ్ళింది.

ఆంబెవాడొ ఫైలు చూశాను. మనుషులు లేరన్న మాట కొట్టెయ్యాలంటే నేనే మళ్ళీ తనిఖీకి రావాలి. ఊరి లెక్కలు రాసే తలాఠీ ఉల్హాస్ పక్కనుండగా, కనీసం ఒక్క మనిషిని వాళ్ళ ఇంట్లో కళ్ళతో చూడాలి. అప్పుడే గొట్టం వెనక్కి తిరుగుతుంది. అమ్మకు నీళ్ళు రావాలంటే నేను రావాలి. నేనొస్తే ఓడ మునుగుతుంది. పైగా ఆ ఒట్టు. ఏం చెయ్యమంటావు చెప్పు?

నీ ఆవెలినో

అడుగున: పైకి చదివే కాగితం వేరే పెట్టాను. తుపానులో చిక్కుకున్నామని రాశాను. ఈ టౌను దోమలతో పోలిస్తే అది అబద్ధమేమీ కాదు.


ఆంబెవాడొ ఎదురు వరుస,
మార్చి

పుతా,

అరిచాను. పక్కింటావిడ వస్తే బొద్దింక అని చెప్పాను.

మొన్న బాతిస్త్ సంఘం తరఫున అర్జీ ఇవ్వడానికి నీ ఆఫీసుకు వచ్చాడు కదా? నీకు నమస్కారం పెట్టి, హిందీలో ఏదో వాగి, తిరిగొచ్చి దుకాణం అరుగెక్కాడు. "కొత్త భాయ్‌లో పాతవాడి కంటే ప్రమాదం. కొంకణి చిలకలా మాట్లాడుతున్నాడు. మనల్ని బుట్టలో వెయ్యడానికి సర్కారే నేర్పించి పంపింది" అన్నాడు. "మనిషెలా ఉన్నాడు?" అన్నాను. "అచ్చం మన కితేరియా కొడుకు ఆవెలినోలా ఉన్నాడు. అవే చెవులు. లోకంలో మనిషిని పోలిన మనుషులుంటారంటే ఇదే" అన్నాడు!

నిన్ను ఎత్తుకుని ఊరేగింపు మేళంలో తిప్పినవాడురా ఆ బాతిస్త్. ఆ కుర్చీలో ఉన్నవాడి ముఖం ఎవరు చూస్తారు కానీ.

మీ అమ్మ అక్కడే ఉంది. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "బక్కగా ఉన్నాడా?"

"ఎవరు?"

"ఆ భాయ్‌లో."

"ఎముకల పోగు" అన్నాడు బాతిస్త్.

ఆవిడ అంతటితో లేచింది. ఇంటికెళ్ళి బాంగ్డా చేపలకు ఉప్పు పట్టించి పెంకుల మీద ఎండబెట్టింది. ఒక్క మనిషి తినేవి కావవి. ఎందుకో నాకు బోధపడలేదు. నీ తుపాను ఉత్తరం చదివి వినిపిస్తే, "గొడుగు తీసుకెళ్ళాడో లేదో" అంది. తుపానులో గొడుగేమిటి చెప్పు? ఆవిడకు మతి చలించలేదు కదా అని భయంగా ఉంది.

బావి అడుగు కనబడుతోంది. నిన్న తోడిన నీళ్ళతో కూర వండితే ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది. తొందరగా ఏదో ఒకటి చెయ్యి.

నీ తీయా


టౌను, ఆఫీసరు క్వార్టర్సు,
ఏప్రిల్

తీయా,

వచ్చే గురువారం ఉదయం పది గంటలకు తనిఖీ. ఉత్తర్వు బాతిస్త్ దుకాణం గోడకు అంటించమని పంపాను. పదింటికి మధ్యాహ్నపు నిద్ర ఎవరికీ రాదు కదా. అందరినీ ఇళ్ళ ముందు నిలబెట్టు. తిట్టుకోనీ, రాళ్ళు వెయ్యనీ, కనబడితే చాలు. అమ్మ గుమ్మం దగ్గరకు నేను పోను. ఆవిడ ఒట్టు ఆవిడకుండనీ. ఇంకెవరైనా ఒక్కరు కనబడితే ఆవిడకూ నీళ్ళొస్తాయి. ఆ తర్వాత మెల్లగా చెప్పుకుంటాను.

నీ ఆవెలినో


ఆంబెవాడొ ఎదురు వరుస,
బుధవారం, పొద్దున్నే

పుతా,

ఈ ఉత్తరం రొట్టెలవాడి సైకిలు మీద పంపుతున్నాను. కొంప మునిగింది.

నీ ఉత్తర్వు చూసి రాత్రి సంఘం కూడింది. భాయ్‌లో తనిఖీని బహిష్కరించాలట. ఊరేగింపు తీద్దామంటే ఎండ. ధర్నా అంటే కూర్చోవాలి. చివరికి బాతిస్త్ లేచి, "మనకు చేతనైన పద్ధతిలోనే పోరాడదాం. గురువారం పొద్దున పదింటికే తలుపులు బిడాయించుకుని పడుకుందాం. ఎంత తట్టినా ఒక్కడూ లేవకూడదు. మన బలం ఏమిటో సర్కారుకు తెలియాలి" అన్నాడు. అందరూ చేతులెత్తారు.

"ఒరే, పడుకున్నందుకే కదరా లేకుండా పోయాం! మళ్ళీ పడుకుంటే ఉన్నట్టెలా అవుతుంది?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నువ్వు రోడ్డవతలి దానివి, నీకు మా బాధ తెలియదు" అన్నాడు బాతిస్త్. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయిన నన్ను కూడా భాయ్‌లెంను, బయటిదాన్ని చేసేశాడు, వాడి నోరు పడ!

మీ అమ్మ కూడా చెయ్యెత్తింది. తిన్నగా, అందరికంటే పైకి.

నీ తీయా


టౌను, ఆఫీసరు క్వార్టర్సు,
శుక్రవారం

తీయా,

నిన్న నువ్వు కిటికీ చాటునుంచి చూసిందేదో చూశావు. చూడనిది రాస్తున్నాను.

జీపు ఆ బోర్డు పక్కనే ఆపాం. వాడంతా తలుపులు బిగించి ఉంది. ఒక్క కుక్క తోక ఊపింది, అదీ లేవకుండా. బాతిస్త్ ఇంటి దగ్గర గురక వినబడింది. నిజం గురక అలా ఉండదు. తట్టిన కొద్దీ హెచ్చింది. "ఉల్హాస్, లోపల మనిషున్నాడు, రాసుకో" అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, "గురకను మనిషి కింద రాయడానికి లేదు సాయబ్, కంటికి కనబడాలి" అన్నాడు. పక్కింట్లో తట్టాను. "మేం లేం!" అని లోపలి నుంచి కేక. "అది కూడా రాయడానికి లేదు, వాళ్ళే లేమంటున్నారు" అన్నాడు.

చివరికి అన్ని ఇళ్ళూ అయిపోయి అమ్మ గుమ్మం ఒక్కటే మిగిలింది. తట్టాను.

"ఏమీ వద్దు! దుప్పట్లున్నాయి!" అంది అమ్మ లోపలి నుంచి, హిందీలో.

"మాయ్, నేను."

"నా కొడుకు ఓడలో ఉన్నాడు."

"ఓడ లేదు మాయ్. ఎప్పుడూ లేదు. నేనే, ఆవెలినోని."

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. తర్వాత కొంకణిలో, తలుపుకు దగ్గరగా, "భాయ్‌లోవైనా మా భాష బాగానే నేర్చావు. నా కొడుకైతే, ఈ ఇంట్లో పుట్టినవాడైతే, వీధి తలుపు తడతాడా?" అంది.

నేను బుర్ర తక్కువవాడిలా అక్కడే నిలబడ్డాను. ఉల్హాసే నా మోచేయి తాకి మెల్లగా, "సాయబ్, వెనక" అన్నాడు.

ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళాను. వంటింటి తలుపు తాడు బయటికే వేలాడుతోంది. లాగాను. అమ్మ పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా గంజి, మూతపెట్టిన కంచం, కాల్చిన బాంగ్డా చేప.

"చేతులు కడుక్కో. నీళ్ళు తక్కువున్నాయి, చూసి పోసుకో" అంది.

నేను ఏడ్చాను తీయా. గంజి తాగుతూనే ఏడ్చాను. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మొదటి ఉత్తరం నుంచీ. మీ నాన్న బతికినంతకాలం ఓడల్లో తిరిగాడు. ఒక్క ఉత్తరంలోనైనా సముద్రం గురించి రాశాడా? ఊళ్ళో ఎవరు పోయారు, పంది ఈనిందా, పైకప్పు నేయించావా, ఇవీ ఓడవాడి ఉత్తరాలంటే. అలల గురించి రాసేవాడు నేల మీద ఉన్నవాడే."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను. ఆఫీసరువయ్యావని కాదు పుతా, నన్ను చూసి భయపడ్డావే, దానికే నా కడుపు రగిలిపోయింది. నేనేమైనా నీకు భాయ్‌లెంనా?"

ఒట్టు మాటెత్తాను. "వీధి గడప అని ఒట్టు పెట్టాను. వంటింటి గడప మాటెత్తానా? నువ్వు ఏ కుర్చీ చదువుతున్నావో తెలిసే పెట్టాను. తల్లినిరా, ఆ మాత్రం చూసుకోనా?" అంది.

ఇంతలో ఉల్హాస్ కిటికీలోంచి తొంగిచూసి, "కనబడింది సాయబ్! ఒకరున్నారు!" అని కేకేశాడు. అమ్మ అతన్నీ లోపలికి పిలిచి గంజి పోసింది. తర్వాత నన్ను బల్ల మీద కాస్త నడుం వాల్చమంది. నిద్ర లేచేసరికి నాలుగైంది. ఈ మధ్యలో ఏం జరిగిందో ఉల్హాస్ చెప్పడం లేదు, నవ్వుతున్నాడు. నువ్వైనా రాయి.

నీ ఆవెలినో


ఆంబెవాడొ ఎదురు వరుస,
మే

పుతా,

జరిగిందేమిటంటే, పొద్దున పదింటికే పడుకున్నవాళ్ళు మధ్యాహ్నం రెండింటికల్లా తెల్లారిపోయి లేచారు. మళ్ళీ పడుకుందామంటే నిద్ర ఏదీ? ఈ ఊరు పుట్టాక మొదటిసారి ఆ వేళప్పుడు వాడంతా, ముసలీ ముతకాతో సహా, రోడ్డు మీదికొచ్చింది. ఏం చెయ్యాలో ఒక్కరికీ తోచలేదు. ఎండలో ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. జీపు అక్కడే ఉండేసరికి దాని చుట్టూ మూగి భాయ్‌లోని తిట్టడం మొదలుపెట్టారు. ఉల్హాస్ బానెట్టు మీద పుస్తకం పెట్టుకుని, తిట్టేవాళ్ళను పేరు పేరునా అడిగి రాసుకున్నాడు. బాతిస్త్ అయితే తన పేరు తప్పు రాశాడని మళ్ళీ కొట్టించి రాయించుకున్నాడు.

"ఏడీ ఆ భాయ్‌లో?" అని అందరూ మీ ఇంటి మీదికొచ్చారు. మీ అమ్మ వీధి తలుపు తీసి, నోటి మీద వేలు పెట్టి, "ష్, పిల్లాడు పడుకున్నాడు" అంది. బాతిస్త్ కిటికీలోంచి చూశాడు. నువ్వు నోరు తెరుచుకుని, ఒక కాలు బల్ల కిందికి వేలాడేసి, మీ నాన్నలాగే పడుకున్నావు.

"అరె, మన ఆవెలినో! ఓడ ఎప్పుడొచ్చింది?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి ఆ ఆఫీసరు?"

"పోయాడు" అంది మీ అమ్మ.

"మన దెబ్బకు భయపడి పోయాడు!" అని బాతిస్త్ మీసం తిప్పాడు. నీకు నిద్రాభంగం కాకూడదని అందరినీ కాళ్ళ వేళ్ళ మీద నడిపించుకుని తీసుకుపోయాడు. ఆ సాయంత్రం దుకాణంలో విజయోత్సవం చేశారు. కుర్చీలు మళ్ళీ ఆ బిజాపూరువాడే వేశాడు.

నేను వాళ్ళకు నిజం చెబుదామనుకున్నాను. మీ అమ్మ వద్దంది. ఈ కింది కాగితం ఆవిడ చెబుతుంటే రాశాను. ఒక్క మాట కూడా మార్చలేదు.

(పైకి చదివే కాగితం)

ఓడ మీదున్న నా కొడుకు ఆవెలినోకి మీ అమ్మ దీవించి రాయించునది.

కొళాయి వచ్చింది. మొదటి బిందెలో నీళ్ళు చప్పగా ఉన్నాయి, కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోతున్నాను. అలవాటవుతుంది. బాతిస్త్ వాళ్ళ అత్త పోయింది. పంది ఏడు పిల్లల్ని పెట్టింది. వానలకు ముందే పైకప్పు నేయించాలి. ఉత్తరం అంటే ఇలా రాయాలి, నేర్చుకో.

మీ టౌనులో ఆ కుర్చీ మీద ఒక భాయ్‌లో ఉన్నాడు. వాడలో అందరూ వాణ్ణి తిడతారు, నేనూ తిడతాను, అది సంఘం నియమం. కానీ వాడికి వండిపెట్టేవాళ్ళు లేరట, బక్కచిక్కిపోయాడట. వాడు నీకెక్కడైనా కనబడితే నా మాటగా చెప్పు. ఆదివారం రొయ్యల కూర వండుతాను. ఒంటిగంటకల్లా రమ్మను.

వీధి తలుపు తట్టొద్దని చెప్పు. తాడు బయటే వేలాడుతుంది.